పైవాడి పేగు

పనిచోట అందరూ ఆయన్ని పైవాడు అనేవారు. నూట ఎనభై అడుగుల ఎత్తున, క్రేను మెడకి అతుక్కున్న గాజు గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాడు కాబట్టి మొదట్లో ఎవరో సరదాకి అన్నారు. అది అలాగే నిలిచిపోయింది. "పైవాడు దయతలిస్తే పదింటికల్లా ఇనుము దిగుతుంది" అని కింద తాపీవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ఆ పేరు తనకి తగిందేనని ఆయన ఉద్దేశం.

ఇరవై రెండేళ్లు క్రేను నడిపాడు. అంత పైనుంచి చూస్తే మనుషులు టోపీలుగా కనిపిస్తారు. పసుపు టోపీ కూలీ, తెల్ల టోపీ ఇంజినీరు, నీలం టోపీ కరెంటు పనివాడు. చూసి చూసి ఆయనకి అదే అలవాటైపోయి, కిందికి దిగి పక్కన నిలబడ్డప్పుడు కూడా ఎదుటివాడి మొహం బదులు నడినెత్తే కనిపించేది. ఇంజినీర్లంటే కాగితం తిరగేసి పట్టుకునేవాళ్లు. ఫోర్‌మన్ అంటే ఒక అరుపు, ఆ అరుపు వెనకాల ఏమీ లేదు. వాకీటాకీలో రోజంతా తనతో మాట్లాడే సిగ్నల్ మనిషి ఉన్నాడు. వాకీటాకీలు రాని రోజుల్లో రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసి క్రేను నడిపించినవాడు కనక అతన్ని ఈలాయన అనేవారు. పైవాడి లెక్కలో ఈలాయన బుర్రలో ఉన్నవి రెండే, ఎడమా కుడీ. అందులోనూ కుడి మీద అతనికి అనుమానం.

ఈలాయన అభిప్రాయమూ ఇంచుమించు ఇంతే. ఇంత పొగరుబోతుని తాను పుట్టాక చూడలేదని పదిమందిలో చెప్పేవాడు. పదకొండేళ్లుగా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు ఇవే: "ఎత్తు. ఆపు. ఎడమకి. కాస్త. కాస్తంటే కాస్తే, ఊరు దాటించమనలేదు." కలిసి ఒక్క కప్పు టీ తాగింది లేదు.

నలభై ఏడో ఏట పైవాడికి కడుపు చెడింది. మొదట వేపుడు ఎక్కువైందనుకున్నాడు. కేబిన్‌లో కారం పల్లీల పొట్లం, ఫ్లాస్కులో చల్లారిన టీ ఎప్పుడూ ఉండేవి. ఆ పల్లీలు నమలడం మీదే ఆయన మధ్యాహ్నాలు గడిచేవి. రెండు వారాలైనా కడుపు దారికి రాలేదు. రోజుకి మూడుసార్లు, తర్వాత ఐదు, తర్వాత ఎనిమిది. పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టేది. ఒకరోజు తెల్లటి పింగాణీ మీద ఎర్రగా కనిపించింది. ఒక క్షణం చూశాడు, నీళ్లు వదిలాడు, చూడలేదని తేల్చుకున్నాడు. అలా మూడు నెలలు చూడకుండానే గడిపాడు.

క్రేను నిచ్చెనకి రెండు వందల పన్నెండు మెట్లు. మోకాళ్లు సహకరిస్తే దిగడానికి ఏడు నిమిషాలు పడుతుంది. పేగు ఇచ్చే గడువు రెండు నిమిషాలు. ఈ చిక్కుని ఎవరికైనా చెబితే ఏదో ఒక దారి చూపించేవారేమో. చెప్పడమంటే ఆ టోపీల ముందు నిలబడి "నాకు విరేచనాలు" అనడం. అంతకంటే చావు నయమనుకున్నాడు.

ఇంట్లో కూడా అంతే. మూడో అంతస్తులో ఒకే పడకగది ఉన్న ఇల్లు. వంటింటి పక్కనే స్నానాలగది, దానికి అట్టముక్కలాంటి తలుపు. లోపలి చప్పుడు బయటికి వినిపించకుండా కుళాయి తిప్పి కూర్చునేవాడు. భార్య ఒక రొట్టెల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేసేది. మాటకారి కాదు. ఆ కుళాయి శబ్దం రోజుకి ఎన్నిసార్లు వస్తోందో మాత్రం వంటగదిలో నిలబడి లెక్కపెట్టుకుంది. ఒకరోజు చేయిపట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ కెమెరా గొట్టంతో పరీక్ష చేసి చెప్పింది. "మీ పెద్దపేగు లోపలి పొర వాచి పుళ్లు పడింది. ఇది తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, పూర్తిగా పోదు. ఈ మాత్రలు వాడండి. నాకు చెప్పకుండా మానకూడదు, హఠాత్తుగా అసలు మానకూడదు. ఏం తినాలో పక్కగదిలో ఆహారం చూసే అమ్మాయి చెబుతుంది. వెళ్లి కలవండి."

పైవాడు పక్కగదికి వెళ్లలేదు. తినడం నేర్పడానికి ఒక మనిషి, ఆ మనిషికో గది, ఆ గదికో బోర్డు! నలభై ఏడేళ్లుగా తను తింటున్నది గడ్డి అనుకుంటున్నారా? మందుల చీటీ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

మాత్రలు పనిచేశాయి. రక్తం తగ్గింది. కానీ మొహం ఉబ్బి గుండ్రంగా తయారైంది. ఫోర్‌మన్ చూసి "ఒళ్లు చేశావే, పైన కూర్చోబెట్టి మేపుతున్నట్టున్నాం" అన్నాడు. ఆ మాటకి పైవాడు వారంరోజులు ఉడికిపోయాడు. పేగు బాగుపడటం ఎవరికీ కనబడదు, మొహం ఉబ్బటం అందరికీ కనబడుతుంది. ఆ లెక్కన డాక్టరమ్మ తనకి మేలు చేసిందో కీడు చేసిందో ఆయన తేల్చేసుకున్నాడు.

ఇంతలో విషయం ఎలాగో నలుగురికీ పొక్కింది. ఇక సలహాలు మొదలయ్యాయి. పాలు మానెయ్యమని కింది అంతస్తు ఆయన. పాలు తప్ప ఇంకేదీ ముట్టొద్దని ఆయన భార్య. ఉల్లిపాయ పచ్చిది నమలమని ఒకరు, దాని వాసన కూడా చూడొద్దని ఇంకొకరు. తమ పొట్ట ఎటు ఉంటుందో తెలియనివాళ్లంతా తన పొట్టకి దారి చూపించేవాళ్లే. పైవాడు అందర్నీ ఒకే చూపుతో తీసిపారేసేవాడు. అయినా పాలు మాత్రం మానేశాడు, ఆ మాట ఎక్కువమంది అన్నారని.

భార్య తన దుకాణం నుంచి ముదురురంగు రొట్టె తెచ్చింది. తవుడూ, పైన రకరకాల గింజలూ.

"పీచు పేగుకి మంచిదటండీ. దుకాణానికి వచ్చేవాళ్లంతా అదే అంటున్నారు."

తిన్నాడు. మర్నాడు ఒక్కో గింజా వెళ్తూ వెళ్తూ తనని పలకరించి మరీ వెళ్లిందని ఆయన మొత్తుకోలు. "నువ్వు అమ్మేది రొట్టెనా, ఉప్పుకాగితమా?" అని భార్య మీద ఎగిరాడు. ఆమె మిగతా రొట్టెని తనే తింది.

తర్వాత బావమరిది వచ్చాడు. నీళ్ల ఫిల్టర్లు అమ్ముకునే మనిషి. రెండురోజుల ఆరోగ్య శిబిరానికి వెళ్లొచ్చి, అప్పటినుంచి లోకాన్ని బాగుచేసే పనిలో ఉన్నాడు.

"బావా, ఆ మాత్రలు విషం. ఆస్పత్రివాళ్లకి నీ జబ్బు కావాలి, నువ్వు అక్కర్లేదు. పచ్చి కూరల రసం ఇరవై ఒక్క రోజులు తాగు. కేబేజీ, కేరెట్, బీట్‌రూట్. పేగు అద్దంలా అయిపోతుంది చూడు."

"నీ పేగు ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?"

"నవ్వు బావా, నవ్వు. ఇదిగో, అంతా ఈ కాగితంలో ఉంది."

పైవాడు పడీపడీ నవ్వాడు. బావమరిది మెట్లు దిగేదాకా, వాడికి వినబడేలాగే నవ్వాడు. మనుషుల్ని పూచికపుల్లల్లా తీసిపారేసే ఆ పెద్దమనిషి ఆ కాగితాన్ని మాత్రం పారేయలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

ఆయన గురించి ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. ఒకరి ముందు కూర్చుని "నాకు తెలియదు, చెప్పండి" అనడం ఆయనకి చేతకాదు. పక్కగదిలో చదువుకున్న పిల్లని అడగడానికి నామోషీ. ఎవరూ చూడనప్పుడు మాత్రం ఫిల్టర్లవాడి కాగితాన్ని నమ్మడానికి నామోషీ లేదు. పనిచోట పనిముట్ల గదిలో చిన్న మిక్సీ ఒకటి కొని దాచాడు. అందరికంటే అరగంట ముందే వచ్చి, తలుపు గడియ పెట్టి, ముదురెరుపు రసం చేసుకుని నిలబడి తాగేవాడు. మాత్రల డబ్బాని సిమెంటు సంచుల వెనక్కి తోసేశాడు. డాక్టరమ్మ హఠాత్తుగా మానొద్దన్న మాట గుర్తులేక కాదు. ఆమెకి తన జబ్బే కావాలన్న మాట అంతకంటే రుచిగా ఉంది.

మొదటి పన్నెండు రోజులూ బ్రహ్మాండంగా గడిచాయి. ఎనిమిది సార్లు కాస్తా నాలుగైంది. కేబిన్‌లో కూర్చుని ఆస్పత్రి ఉన్న దిక్కుకేసి చూసి పెదవి విరిచేవాడు. తిన్న మాత్రల బలం ఇంకా ఒంట్లో ఉంది, పైగా రసం తప్ప మరేమీ పెద్దగా తినడం లేదు, అందుకే ఆ హాయి. ఆ సంగతి ఆయనకి తెలియదు. అడిగితే కదా తెలిసేది.

పదమూడో రోజు మెలి తిరిగి వచ్చింది, పాత బాకీలాగా. మళ్లీ ఎరుపు. అయితే బీట్‌రూట్ తిన్నవాడికి ఎరుపు రావడం మామూలేనని ఎక్కడో విన్నాడు. అది దుంప రంగే అని సర్దిచెప్పుకున్నాడు. తొమ్మిది రోజులపాటు తన ఒంట్లోంచి పోతున్న రక్తాన్ని ప్రతి పూటా చూస్తూ, అది కూరగాయ రంగని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. కింద ఇంజినీర్లకి కాగితం చదవడం రాదని వెక్కిరించిన కళ్లే అవి.

రసం మానేశాక కూడా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? దానికి బదులు సొంతంగా ఒక ఉపాయం కనిపెట్టాడు. తినకపోతే వెళ్లనక్కర్లేదు. పొద్దున ఏమీ లేదు, మధ్యాహ్నం ఏమీ లేదు, పైన ఉన్నంతసేపూ గుక్కెడు నీళ్లు కూడా లేవు. ఇంటికి వచ్చాక నాలుగు ముద్దలు. నెలన్నరలో పద్నాలుగు కిలోలు తగ్గాడు. బెల్టుకి మేకుతో కొత్త రంధ్రాలు పొడుచుకున్నాడు. "ఏవండీ, పెళ్లినాటి చొక్కా పట్టేలా ఉంది మీకు" అంది భార్య భయంగా. "మంచిదేగా" అన్నాడు.

ఒక మంగళవారం పన్నెండు గంటల వేళ, రెండు టన్నుల ఇనప ఊచల కట్ట నాలుగో అంతస్తు మీదుగా వెళ్తోంది. కింద ఎనిమిదిమంది కమ్మీ కట్టేవాళ్లు తలలు వంచుకుని పనిచేసుకుంటున్నారు. ఎండకి గాజు గది పెనంలా ఉంది. పైవాడి కళ్ల ముందు మొదట పసుపు చుక్కలు తేలాయి, తర్వాత ఏమీ లేదు. చెయ్యి లివరు మీంచి జారింది. చెయ్యి జారితే క్రేను దానంతటదే ఆగుతుంది. ఉన్నట్టుండి ఆగడంతో కట్ట అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

"పైవాడా! లోడు ఊగుతోంది! ఏం చేస్తున్నావు?"

ఈలాయన వాకీటాకీ చెవికి ఆనించి, మళ్లీ అరిచాడు.

"ఏయ్! పైన ఉన్నావా, పోయావా?"

ఈలాయన వాకీటాకీ వదిలేసి, ఎన్నో ఏళ్ల తర్వాత రెండు వేళ్లు నోట్లో పెట్టాడు. ఆ ఈలకి నాలుగో అంతస్తులో ఎనిమిదిమందీ తలెత్తి చూసి, కట్టని చూసి, గోడవారకి పరుగెత్తారు. నూట ఎనభై అడుగుల పైన ఒక మనిషి కళ్లు తెరిచాడు.

పైవాడు ఆ కట్టని దింపడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. వెంట్రుకవాసి కూడా తేడా రాకుండా ఖాళీ నేలమీద పెట్టాడు. పనిలో మాత్రం ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. తర్వాత చూసుకుంటే ప్యాంటు తడిసి ఉంది. అందులో ఉన్నది దుంప రంగు కాదని ఇప్పుడు తెలిసింది. దుంప తిని నెలన్నర దాటింది.

"దిగు" అన్నాడు ఈలాయన.

"దిగను."

"ఏం?"



"దిగలేను."

పదకొండేళ్లలో ఆ గొంతులోంచి అలాంటి మాట ఈలాయన వినలేదు. పేగు సంగతి అప్పటికే అతని చెవిన పడింది. ఎడమ మోకాలు అరిగిపోయి నేలమీద నడవడానికే కుంటే మనిషి, తన సంచిలోంచి మార్చుకునే ప్యాంటూ, తువ్వాలూ, రెండు సీసాల నీళ్లూ వీపుకి కట్టుకుని, నడుముకి తాళ్ల పట్టీ బిగించుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. ఫోర్‌మన్ వద్దని అరిచాడు. అరుస్తూనే ఉన్నాడు.

పావుగంటకి గాజు తలుపు మీద చప్పుడైంది. పైవాడు తలుపు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"తియ్యి."

"వెళ్లిపో. ఇక్కడ... బాగాలేదు."

"నాకు ముగ్గురు పిల్లలు. ఇంతకంటే ఘోరం కడిగాను. తియ్యి తలుపు, నా మోకాలు ఊరుకునేలా లేదు."

తీశాడు. ఈలాయన ముక్కు కూడా మూసుకోలేదు. నీళ్లు పోశాడు, తువ్వాలు ఇచ్చాడు, మొహం అటు తిప్పుకుని ఊరివైపు చూస్తూ నిలబడ్డాడు. దిగేటప్పుడు తను కింద ఉండి, ఒక్కో మెట్టుకీ ఆయన పాదాన్ని చేత్తో పట్టుకుని పెట్టించాడు. నలభై నిమిషాలు పట్టింది. సగం దారిలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అన్నాడు.

"పదకొండేళ్లుగా నన్ను చవటననే కదా అనుకుంటున్నావు?"

పైవాడు నిచ్చెన కమ్మీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"నేనూ నిన్ను అదే అనుకున్నాను. ఇవాళ రుజువైంది. కాలు కింద పెట్టు."

కింద అందరూ టోపీలు వెనక్కి వాల్చి పైకే చూస్తున్నారు. అన్నేళ్లలో మొదటిసారి ఆయనకి అన్ని మొహాలూ ఒకేసారి కనిపించాయి. వాటిలో జాలి ఉంది. అది చూసి ఆయనకి ఒళ్లు మండింది.

ఆస్పత్రిలో పదకొండు రోజులు. రక్తం ఎక్కించారు, సూదిమందులు ఇచ్చారు. "మాత్రలు ఎవరు మానమన్నారు?" అని డాక్టరమ్మ నిలదీస్తే "ఎవరూ అనలేదు" అన్నాడు. అప్పటికే ఈలాయన పనిముట్ల గదిలో దొరికిన మిక్సీని, దాని కింద మడతపెట్టి ఉన్న కాగితాన్ని తెచ్చి ఇంట్లో ఇచ్చి వెళ్లాడు. భార్య ఆ కాగితం మంచం మీద పెట్టింది.

"నేను తెచ్చిన రొట్టె ఉప్పుకాగితం. మా తమ్ముడి కాగితం అమృతమా? వాడికి నీళ్ల గొట్టాలు తప్ప ఏ గొట్టాలూ తెలియవు. వాడి ముందు నవ్వారు, నా ముందు తిట్టారు, ఎవరూ లేనప్పుడు తాగారు. మీరు ఎవరికంటే తెలివైనవాళ్లండీ?"

పాతికేళ్ల కాపురంలో ఆమె ఒక్కపూట అన్ని మాటలు అనడం అదే మొదలు. పైవాడు గోడకేసి తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు పక్కగది తానే మంచం దగ్గరికి వచ్చింది. ఆహారం చూసే అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో, చెవి వెనక పెన్ను. వస్తూనే "ఎలా ఉన్నారు అంకుల్?" అంది. అంకుల్ అన్న మాటకే ఆయనకి కడుపులో సగం మెలి తిరిగింది.

"పచ్చి కూరలు మంచివి కావా?" అన్నాడు, దోషిని నిలదీసినట్టు.

"మంచివే. గరిట కూడా మంచిదే అంకుల్. పుండు మీద గరిటతో గీకితే గరిటది తప్పా?"

"అయితే ఏం తింటే ఇది పోతుంది?"

"ఏం తిన్నా పోదు. వాపు తగ్గించేది మందు. తిండి ఆ పేగుకి పని తేలిక చేస్తుంది, మీకు బలం ఇస్తుంది. ఒకటి చూసుకుని ఇంకొకటి మానేస్తే మళ్లీ ఇదే మంచం."

"తినడం మానేస్తే అసలు గొడవే ఉండదని..."

"ఉండదు. మీరూ ఉండరు. పద్నాలుగు కిలోలు పోయాయి. మీరు పస్తులుండి పేగుకి విశ్రాంతి ఇచ్చానని అనుకుంటున్నారు. అది మీ కండలు తిని బతికింది."

ఒక కాగితం రాసిచ్చింది. రోజుకి ఐదుసార్లు, కొంచెం కొంచెంగా. మెత్తగా ఉడికిన తెల్ల అన్నం, తొక్క తీసి మెదిపిన బంగాళదుంప, ఉడికించిన గుడ్డు, ఆవిరి మీద వండిన చేప, బాగా ఉడికిన కేరెట్, మగ్గిన అరటిపండు. పుండు ఆరేదాకా గింజలూ, తొక్కలూ, పచ్చివీ, వేపుడూ, కారం వద్దు. ఆ తర్వాత ఒక్కొక్కటే, కొద్దికొద్దిగా, మూడేసి రోజులు తిని చూడాలి. ఏది పడిందో ఏది పడలేదో పుస్తకంలో రాయాలి.

"ఊళ్లోవాళ్ల పేగులు నాకు అక్కర్లేదు. మీ పేగు ఏమంటుందో మీరే రాసుకురండి" అంది.

పైవాడు ఒప్పుకున్నాడు. మారిపోయి కాదు. ఆరు వారాల్లో ఈ పిల్ల తప్పని రాతపూర్వకంగా నిరూపించాలని. పుస్తకంలో ఆయన రాసిన రాతలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. "బంగాళదుంప మెదిపినది. రుచి గోడ సున్నం. నొప్పి లేదు." "చేప. ఉప్పు వేయడం మర్చిపోయినట్టున్నారు. నొప్పి లేదు." "అరటిపండు. పళ్లు రాని పిల్లల తిండి. నొప్పి లేదు." మూడోవారానికి ఆ "నొప్పి లేదు" అన్న మాట రాయడానికే ఆయనకి చిరాకేసింది. ఆ అమ్మాయి పుస్తకం చదువుతూ పెన్ను కిందపడేలా నవ్వింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

రోజుకి రెండుసార్లకి వచ్చాక ఒక్కొక్కటే తిని చూడటం మొదలైంది. ముందు పాలు. ఒక కప్పు తాగి, కుళాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. మూడోరోజు రెండు కప్పులు తాగినా కాలేదు. ఇన్ని నెలలపాటు నలుగురి మాట పట్టుకుని నల్లటి టీ మింగానన్నమాట! కింది అంతస్తు ఆయన మెట్ల మీద ఎదురైతే పలకరించకుండా వెళ్లిపోయాడు. నిజానికి ఆయన చేసిన తప్పేముంది, నోటికొచ్చింది అన్నాడు. దాన్ని పట్టుకుని ఊరేగినవాడు ఎవరు?

ఉల్లిపాయ ఉడికినది పడింది, పచ్చిది పడలేదు. చివరికి కారం పల్లీలు. వాటి మీద ఆయనకి అపారమైన నమ్మకం. ఇరవై రెండేళ్ల స్నేహం. రెండోరోజు మధ్యాహ్నం నాలుగుసార్లు వెళ్లొచ్చి, పుస్తకంలో ఒకే మాట రాశాడు: "ద్రోహులు."

ఐదో నెలలో ఆ అమ్మాయి, "ఇప్పుడు పుండు ఆరింది. ఇక పీచు మెల్లమెల్లగా రావాలి. ఎప్పటికీ మెత్తటివే తింటూ కూర్చుంటే అదీ మంచిది కాదు. తవుడు రొట్టె చిన్న ముక్కతో మొదలుపెట్టండి, గింజలు లేనిది" అంది. ఆయన ఆ మాట ఇంట్లో చెప్పలేదు. రాసిన కాగితాన్ని బల్లమీద వదిలేసి స్నానానికి వెళ్లాడు. సాయంత్రం భార్య ఆ ముదురురంగు రొట్టెని వేలు మందాన కోసి పళ్లెంలో పెట్టింది. నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"ఈ రొట్టె... పనికొస్తుంది."

ఆ మనిషి నోటి నుంచి క్షమాపణ అంతకంటే దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఆమె ఇంకో ముక్క కోసింది, మొదటిదానికంటే పల్చగా.

ఎనిమిది నెలలు ఆయనకి ఎత్తు మీద పని వద్దన్నారు. పనిముట్ల గదిలో కూర్చోబెట్టారు, మరుగుదొడ్డికి పది అడుగుల దూరంలో. పైన ఇంకొకడు క్రేను నడిపేవాడు. వాడు లోడు తిప్పుతుంటే పైవాడు తలుపులో నిలబడి పళ్లు నూరుకునేవాడు. మధ్యాహ్నం డబ్బా తెరిచి మెదిపిన దుంపలు తింటుంటే కొందరు మూతి తిప్పుకునేవారు. వాళ్ల పళ్లేల్లోని వేపుళ్లకేసి ఆయన అంతకంటే ఎక్కువ ఏవగింపుతో చూసేవాడు. ఈలాయన మాత్రం రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. మాటలు ఉండేవి కావు. ఒకరోజు ఈలాయన, "ఆ గుడ్డు తింటావా, చూస్తావా?" అని అడిగి, జవాబు రాకముందే సగం తీసుకున్నాడు.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ పైకి వెళ్లాడు. ఈసారి ముందే షరతు పెట్టాడు. పొద్దుట ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దిగుతాడు, ఆ అరగంటా ఇంకొకరు క్రేను చూడాలి. ఎప్పుడు దిగుతానని చెప్పినా ప్రశ్నలు వేయకూడదు. ఫోర్‌మన్ "ఇక్కడ క్రేనుకి భోజన విరామాలా?" అని వెటకారం చేశాడు. "ఆయన దిగుతాడు. లేకపోతే ఈసారి నువ్వు ఎక్కి కడుగు" అన్నాడు ఈలాయన. అక్కడితో ఆ మాట ఆగింది. క్రేను కేబిన్‌లోకి నాలుగు చిన్న డబ్బాలు, ఒక నీళ్ల సీసా, ఒక మాత్రల డబ్బా చేరాయి.

ఏడాదిన్నర బాగానే నడిచింది. తర్వాత ఒక సోమవారం పొద్దున మళ్లీ ఎర్రగా కనిపించింది. ఈసారి నీళ్లు వదలకుండా వంగి చూశాడు. బీట్‌రూట్ తినలేదు, కనక దాని మీదికి నెట్టే వీలు లేదు. భార్యకి చెప్పాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం రమ్మన్నారు. మందు మోతాదు పెంచుతారని, మెత్తటి తిండికి తిరిగి వెళ్లాలని, కొన్ని వారాల్లో మళ్లీ దారికి వస్తుందని ఆయనకి ఇప్పుడు తెలుసు. ఇష్టం లేకపోయినా తెలుసు.

పనిచోటికి వెళ్లేసరికి అందరూ పొద్దుటి హాజరుకి నిలబడి ఉన్నారు. పసుపు టోపీలు, తెల్ల టోపీలు, నీలం టోపీలు. పైవాడు వాళ్ల మధ్యకి వెళ్లి గొంతు పెంచి చెప్పాడు.

"నాకు పేగు జబ్బు మళ్లీ తిరగబెట్టింది. రక్తం పడుతోంది. ఇవాళ పైకి ఎక్కను. ఇంకొకణ్ని చూసుకోండి."

ఎవరూ నవ్వలేదు. ఎవరో దగ్గారు. ఫోర్‌మన్ మాత్రం దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"చూడు, మా వదిన తరఫు వాళ్లలో ఒకాయనకి అచ్చం ఇలాగే ఉండేది. ఆయన ఏం చేశాడంటే, పరగడుపున గోరువెచ్చటి నీళ్లలో..."

పైవాడు ఆ చేతిని భుజం మీంచి తీసి పక్కన పెట్టాడు. నీళ్లలో ఏం కలపాలో ఫోర్‌మన్ చెబుతూనే ఉన్నాడు. ఆయన మాత్రం పరుగెత్తకుండా, ఎవర్నీ చూడకుండా, పనిముట్ల గది పక్కనున్న మరుగుదొడ్డి తలుపుకేసి నడుచుకుంటూ వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు. కుళాయి తిప్పలేదు.